పేట వదలని గొంతు

మా అమ్మ హ్యూస్టన్ వచ్చిన రెండో ఆదివారం పేర్‌లాండ్‌లో మీనాక్షి అమ్మవారి గుడికి వెళ్లాం. దర్శనం అయ్యాక, మెడికల్ సెంటర్ దగ్గరుండే స్నేహితుణ్ని చూడ్డానికి 288 హైవే ఎక్కి ఉత్తరం వైపు పోతున్నాం. బెల్ట్‌వే దాటితే కుడిచేతి వైపంతా సౌత్ ఏకర్స్, సన్నీసైడ్ పేటలు. హైవే మీంచి చూస్తే చెట్లూ, కరెంటు స్తంభాలూ, అక్కడక్కడా చర్చి బోర్డులూ తప్ప ఏమీ కనపడవు. ముందురోజు ఎక్కడ ఆపానో అక్కణ్నుంచి ఫోను పాట అందుకుంది. అందులో బూతులుంటాయి. అమ్మకి ఇంగ్లీషు రాదు, అయినా నాకు మనసొప్పక ఆపబోయాను.

"ఉండనీరా," అంది. "ఈడేటి, పాడతన్నాడా, మాటాడతన్నాడా?"

"రెండూనమ్మా."

ఇంకాసేపు వింది. "మన జముకులోళ్లు కత సెప్పినట్టుంది. ఊరి సంగతులు సెప్తన్నాడు కాబోలు. పెద్దోడేనా?"

"ఇది పాడినప్పుడు 31 ఏళ్లమ్మా."

"కాదురా. పెద్దోడి గొంతే."

పాట పేరు 'ఆన్ మై బ్లాక్'. పాడింది స్కార్‌ఫేస్. 2002 ఆగస్టులో వచ్చిన 'ద ఫిక్స్' ఆల్బమ్‌లోది. ఈ ఆల్బమ్ గురించి ఏళ్ల తరబడి స్నేహితులతో వాదిస్తూనే ఉన్నాను, మాటలు చాలక ఓడిపోతూనే ఉన్నాను. మా అమ్మ మూడు ముక్కల్లో తేల్చేసింది. అందుకే ఇది రాయాలనిపించింది.

వాదన ఏమిటంటే, ర్యాప్ కుర్రాళ్ల వ్యవహారం అంటారు మావాళ్లు. ఛాతీ విరుచుకుని తిరిగే వయసులో వినాలి, ఆ వయసులోనే పాడాలి, నలభై దాటినవాడు మైకు పట్టుకుని ఆ మాటలంటే బాగోదు అంటారు. 'పరిణతి ఉన్న ర్యాప్' అంటే బూతులు తీసేసి నాలుగు నీతివాక్యాలు కలిపిందే అనుకుంటారు. నేను ఒప్పుకోను. ఇదే హ్యూస్టన్‌లో, థర్డ్ వార్డ్‌లో, లైట్‌నిన్ హాప్కిన్స్ అనే బ్లూస్ పాటగాడు ముసలితనం దాకా గిటారు పట్టుకుని తన కష్టం తను చెప్పుకున్నాడు. 1982లో ఈ ఊళ్లోనే పోయాడు. వయసు మీరాక బ్లూస్ ఎందుకయ్యా అని ఆయన్ని ఎవరూ అడగలేదు. మన హరిదాసుల్నీ, జంగం కథలు చెప్పేవాళ్లనీ ఎవరైనా అడిగారా? జుట్టు నెరిసిన కథకుడంటే మనకి నమ్మకం ఎక్కువ కూడాను. చూసినవాడు చెప్తున్నాడు అనుకుంటాం. ర్యాప్ కూడా చూసినవాడు చెప్పే కథే అయినప్పుడు దానికి మాత్రం వయసు గీత ఎందుకు గీయాలి? ఆ గీత గీసింది పాడేవాళ్లు కాదు, సరుకు అమ్ముకునేవాళ్లు. కుర్రాడి కోపానికి గిరాకీ ఉంది. పెద్దవాడి జ్ఞాపకానికి లేదు.

స్కార్‌ఫేస్ అసలు పేరు బ్రాడ్ జోర్డన్. 1970 నవంబర్‌లో పుట్టాడు, పెరిగింది మేం ఆ రోజు పక్కనించి పోయిన సౌత్ ఏకర్స్‌లోనే. చిన్నతనంలోనే మనసు కుంగిపోయి ప్రాణం తీసుకోబోయాడనీ, ఆసుపత్రిలో మానసిక విభాగంలో ఉంచారనీ తన ఆత్మకథలో తనే చెప్పుకున్నాడు. ఇది తెలియకపోతే అతని పాటలు సగమే అర్థమవుతాయి. విల్లీ డీ, బుష్విక్ బిల్‌లతో కలిసి గెటో బాయ్స్‌గా 1991లో చేసిన 'మైండ్ ప్లేయింగ్ ట్రిక్స్ ఆన్ మీ' అంతా భయం గురించే. అప్పటి ర్యాపర్లు తామెవరికీ భయపడమని ఎలుగెత్తి చెప్పుకుంటున్న కాలమది. ఇతనొచ్చి తనకి నిద్రపట్టడం లేదనీ, ఎవరో వెంటపడుతున్నట్టు ఉంటుందనీ, అసలున్నారో తన బుర్రే ఆడిస్తోందో తెలియడం లేదనీ చెప్పాడు. దానికింద నడిచే గిటారు మెంఫిస్ సోల్ గాయకుడు ఐజాక్ హేస్ 1974లో ఒక సినిమాకి చేసింది. ఇరవై ఏళ్ల కుర్రాడు తన భయం చెప్పుకోవడానికి తండ్రుల కాలం నాటి పాటని కింద పరుచుకున్నాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

అమెరికా దక్షిణాది ర్యాప్‌ని అప్పట్లో న్యూయార్క్ లెక్కలోకి తీసుకునేది కాదు. పాట అంటే అటు న్యూయార్క్, ఇటు లాస్ ఏంజెలిస్, మధ్యలోదంతా పల్లెటూరు అన్నట్టు ఉండేది. 1995లో న్యూయార్క్‌లో ఒక అవార్డుల సభలో అట్లాంటా కుర్రాళ్లు అవుట్‌కాస్ట్‌కి బహుమతి వస్తే జనం కేకలేసి ఎగతాళి చేశారు. దక్షిణాదికి చెప్పడానికో మాట ఉందని వాళ్లలో ఒకడైన ఆండ్రే 3000 అక్కడే మైకులో అన్న సంగతి ఈనాటికీ చెప్పుకుంటారు. ఆ మాటని హ్యూస్టన్ అప్పటికి చాలా ఏళ్లుగా చెప్తూనే ఉంది. నిజానికి ఈ ఊరు చాలా ముందునించీ చెప్తోంది: ఫిఫ్త్ వార్డ్‌లో డాన్ రోబీ అనే నల్లజాతి వ్యాపారి 1949లో పీకాక్ రికార్డ్స్ పెట్టి, బ్లూస్‌నీ గాస్పెల్‌నీ ఇక్కణ్నుంచి దేశమంతా పంపాడు. గెటో బాయ్స్ రికార్డులు తెచ్చిన ర్యాప్-ఎ-లాట్ కంపెనీ, గెటో బాయ్స్‌లో విల్లీ డీ ఎదిగింది ఆ ఫిఫ్త్ వార్డ్ మట్టిలోనే.

ఇక అమ్మ పట్టుకున్న ఆ గొంతు. అందులో తొందర లేదు. హ్యూస్టన్ ర్యాప్‌కే నిదానం ఒక స్వభావం. ఇక్కడి దక్షిణ పేటల్లో డీజే స్క్రూ పాటల వేగం తగ్గించి, ముక్కల్ని తిరగేసి తిరగేసి కేసెట్లు చేసేవాడు. పాట బెల్లం పాకంలా సాగేది. ఆయన 2000 నవంబర్‌లో చనిపోయాడు. ఈ ఊరి ఎండకీ, దూరాలకీ, కారులో గంటలు గంటలు కూర్చునే బతుకుకీ ఆ వేగం సరిపోయిందని నేననుకుంటాను. స్కార్‌ఫేస్ పాటల్ని స్క్రూలాగా సాగదీయడు, కానీ మాటని మాత్రం సాగదీస్తాడు. వాక్యం చివర అక్షరాన్ని కొంచెం పట్టి ఉంచి వదులుతాడు, చర్చిలో పాస్టరు మాట విసిరి జనం 'ఆమెన్' అనడానికి ఖాళీ వదిలినట్టు. గొంతు లోతుగా, కాస్త బొంగురుగా ఉంటుంది. చమత్కారంగా ప్రాసలు దొర్లించి చప్పట్లు కొట్టించుకోవాలని చూడడు. 2004లో చదువుకోవడానికి ఇక్కడికొచ్చినప్పుడు అమెరికా యాసకి ఇంకా చెవి తిరగని నాకు మొట్టమొదట మాట మాటా అర్థమైన ర్యాపరు ఇతనే. కాలేజీ లైబ్రరీలో నాతోపాటు పుస్తకాలు సర్దే థర్డ్ వార్డ్ కుర్రాడొకడు నాకు ఈ సీడీ ఇచ్చాడు. "ఈ ఊళ్లో బతకాలంటే ముందు ఇది విను," అన్నాడు. తిరిగిస్తే పుచ్చుకోలేదు. పెట్టె మూల పగిలిపోయింది గానీ సీడీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

'ద ఫిక్స్' నాటికి స్కార్‌ఫేస్ సొంత ఆల్బమ్ మొదలుపెట్టి 11 ఏళ్లు. డెఫ్ జామ్ అనే రికార్డుల సంస్థ దక్షిణాది శాఖ బాధ్యతలు చూస్తున్నాడు. లూడక్రిస్ అనే ర్యాపర్ని పెద్ద కంపెనీ గూట్లోకి తెచ్చింది ఇతనే. అంటే కుర్చీలో కూర్చుని కుర్రాళ్లని ఎంచే స్థానానికి వచ్చేశాడు. అలాంటి స్థితిలో మళ్లీ మైకు ముందుకొచ్చి, ముప్పావు గంటలో ముగిసే ఆల్బమ్ చేశాడు. ఆ రోజుల్లో ర్యాప్ సీడీ అంటే డెబ్బై ఎనభై నిమిషాలు నింపడం ఆనవాయితీ. ఇందులో పొల్లు లేదు. ద సోర్స్ అనే ర్యాప్ పత్రిక తన పూర్తి మార్కులు, అయిదు మైకులూ ఇచ్చింది. కొన్ని పాటలకి సంగీతం కాన్యే వెస్ట్‌ది, అతని సొంత మొదటి ఆల్బమ్ రావడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది అప్పటికి. పాత సోల్ రికార్డుల్ని వేగం పెంచి కోసి అతికించే అతని పనితనానికి అది తొలిరోజుల తాజాదనం. 'గెస్ హూజ్ బ్యాక్'లో జే-జీ, బీనీ సిగల్ వచ్చి కలుస్తారు. న్యూయార్క్, ఫిలడెల్ఫియా కలిసి హ్యూస్టన్ గడపలోకి వచ్చినట్టుంటుంది ఆ పాట. బాగుంటుంది, కానీ నాకు ప్రాణం అది కాదు.

ప్రాణం 'ఆన్ మై బ్లాక్'. పియానోతో మొదలవుతుంది. నాలుగు మెట్లు ఎక్కి, ఆగి, మళ్లీ కిందికి చూసినట్టుండే పియానో. దానికింద డ్రమ్ము, ఆ పైన అతని మాట. మాటల్లో కథంటూ ఏమీ లేదు. మా పేటలో ఇలా ఉంటుంది, అంతే. ఎవరు ఏ మూల నిలబడతారు, ఎవరు జైలుకి పోయి వచ్చారు, పిల్లలు ఎక్కడ ఆడతారు, ఏ పని చేసి డబ్బులు తెస్తారు, ఎవరిని ఎవరు కాచుకుంటారు. గొప్పలు లేవు, ఏడుపులేదు. మా పేటని చూసి జాలిపడండి అనడు, మా పేటంటే భయపడండి అనడు. మత్తుమందు అమ్మకాలూ, ఆకలీ, ఆటలూ, చావులూ అన్నీ ఒకే గొంతుతో చెప్తాడు. ఏదీ దాచడు, దేనికీ సంజాయిషీ ఇచ్చుకోడు. ఊళ్లో రచ్చబండ దగ్గర కూర్చున్న పెద్దమనిషి పరాయివాడికి ఊరు చూపిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అవతలి వీధిని చెప్పేటప్పుడు కూడా కూర్చున్న చోటు నుంచి లేవడు.

ఆ పియానో రోబర్టా ఫ్లాక్, డానీ హాథవే కలిసి పాడిన 'బీ రియల్ బ్లాక్ ఫర్ మీ'లోది. 1972 నాటి పాట. ఒకరి నలుపుని ఒకరు, జుట్టుతో సహా, ముద్దుగా పొగుడుకునే ప్రేమపాట. చిన్నతనంలో స్కూల్లో, సినిమాల్లో, పెళ్లిచూపుల్లో రంగుని బట్టి మనిషికి వెల కట్టడం చూసినవాళ్లకి ఆ పాట ఎంత ధైర్యం చేసిందో చెప్పక్కర్లేదు. ఇది తెలుగువాళ్లకి బాగా తెలిసిన గాయమే. డానీ హాథవే ఆ తర్వాత మనోవ్యాధితో ఏళ్ల తరబడి బాధపడి, 1979 జనవరిలో న్యూయార్క్‌లో ఒక హోటల్ 15వ అంతస్తు నుంచి పడి చనిపోయాడు. అప్పటికి 33 ఏళ్లు. చిన్నప్పుడే అలాంటి చీకటి చూసి బయటపడినవాడు, ఆ మనిషి పాటని తీసుకుని దానిమీద తన పేటని నిలబెట్టాడు. కావాలనే చేశాడో లేదో నాకు అనవసరం. వినేటప్పుడు మాత్రం ఒకరు బతికి ఒకరు బతకని ఇద్దరు మనుషులు ఒకే గదిలో ఉన్నట్టుంటుంది నాకు.

శాంపిల్ చేయడం, అంటే పాత రికార్డులోంచి ముక్క కోసి వాడుకోవడం, దొంగతనం అని వాదించే మిత్రులకి నా జవాబు ఇక్కడే ఉంది. కొత్త కాపరం పెట్టేవాళ్లు ఇంట్లో ముందుగా అమ్మమ్మ ఇచ్చిన ఇత్తడి బిందె దించుతారు. కొత్తది కొనే స్తోమత లేక కాదు. ఆ బిందె ఇంట్లో ఉంటే ఇల్లు నిన్నటిది కాదనిపిస్తుంది. 1991లో ఐజాక్ హేస్ గిటారుతో అతను చేసింది, 2002లో హాథవే పియానోతో చేసింది అదే. సోల్ పాటలు పాడినవాళ్లు ఇతని తల్లిదండ్రుల తరం. తన తరం మాట ఎంత గరుకుగా ఉన్నా, కింద వాళ్ల పాట నడుస్తూనే ఉంటుంది. 'ద ఫిక్స్' సోల్‌ఫుల్‌గా ఉందని విమర్శకులు అన్నప్పుడు వాళ్లు బహుశా మెత్తదనం గురించి మాట్లాడుతున్నారు. నాకు మాత్రం అందులో పెద్దల్ని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడే మర్యాద వినిపిస్తుంది. పెద్దలు వింటున్నారని తెలిస్తే మనిషి మాట తీరు మారుతుంది కదా.

ఇంకో మాట చెప్పాలి. స్కార్‌ఫేస్ 1994లో, 'ద డైరీ' అనే ఆల్బమ్‌లో, 'ఐ సీన్ ఎ మ్యాన్ డై' అనే పాట చేశాడు. జైలు నుంచి విడుదలై, కొత్తగా బతుకుదామనుకున్న ఒకడు పాత పగల్లోనే ప్రాణం పోగొట్టుకుంటాడు. చివరికొచ్చేసరికి చెప్పేవాడు ఆ పోతున్న మనిషి పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, ఇక పోరాడకు, వదిలెయ్ అని మెల్లగా చెప్తున్నట్టుంటుంది. చంపడం గురించి పాడే సంగీతంలో, చనిపోవడం గురించి అలా పాడినవాడు అప్పటికి ఇంకెవరున్నారు? మా వైపు చావింట రాత్రి తత్వాలు పాడేవాళ్లు కూడా అలాగే పాడతారు, పోయినవాడికీ వినిపించేట్టు. అది పాడేనాటికి అతనికి పాతికేళ్లు కూడా లేవు. దీన్నే చూపించి, "చూశావా, పరిణతి అప్పుడే వచ్చేసింది, వయసుతో పనేముంది" అని ఒక స్నేహితుడు నామీదికొచ్చాడు. ఆలోచించాను. చావుని దగ్గరగా చూడగలగడం చిన్న వయసులోనే రావచ్చు, దానికి చుట్టూ చావులుంటే చాలు. చావు తర్వాత మిగిలిపోయిన మనుషుల మధ్య రోజూ లేచి, పళ్లు తోముకుని, అప్పులు కట్టుకుని, ఎదురింటివాణ్ని పలకరిస్తూ బతకడం ఎలాగో చెప్పడానికి మాత్రం వయసు కావాలి. 1994 పాటలో ఒక మనిషి పోతాడు. 2002 ఆల్బమ్‌లో అందరూ ఉండిపోయినవాళ్లే. స్నేహితుడి మీద నమ్మకం ఎక్కడ తెగుతుందో ('ఇన్ బిట్వీన్ అజ్', నాస్‌తో కలిసి), ఏదో ఒకరోజు అన్నీ బాగుపడతాయన్న ఆశ ఎలా లాగుతుందో ('సమ్‌డే', ఫెయిత్ ఎవాన్స్ గొంతుతో), దేవుడి లెక్కలో తానెక్కడున్నాడో ('హెవెన్', కెల్లీ ప్రైస్‌తో). అన్నీ ఉండిపోయినవాడి ప్రశ్నలే.

ఆల్బమ్ పేరులో కూడా ఇదే ఉందనిపిస్తుంది. ఫిక్స్ అంటే మత్తుకి అలవాటుపడ్డవాడికి వేళకి పడాల్సిన మోతాదు. ఫిక్స్ అంటే చెడినదాన్ని బాగుచేయడం కూడా. తన పేట నాశనమైంది మొదటిదానితో. ఆ పేటలోనే ఉండి రెండోది చేయగలనా అని చూస్తున్నాడు.

ఇప్పుడు నాకు గుచ్చుకునే సంగతి కూడా చెప్పాలి. ఆల్బమ్ మొదటి పాటల్లో బెదిరింపులున్నాయి, తుపాకులున్నాయి, నెత్తురుంది. ఆడవాళ్ల గురించి వాడిన కొన్ని మాటలు నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చవు. నాకు ఆడపిల్ల పుట్టాక అస్సలు మింగుడుపడడం లేదు. ఆ కాలం అలాంటిది, ఆ పేటలో అలాగే మాట్లాడతారు అని నేను వెనకేసుకురాను. చావుబతుకుల్ని అంత దయగా చూడగలిగినవాడు ఆ దయని ఇంకో రెండడుగులు ఇటు జరపలేకపోయాడు, అది లోటే. కానీ బెదిరింపుల సంగతి వేరు. ఆ పాటలు కోసేసి వెనక పాటలు మాత్రం ఉంచితే పరిణతి పెరుగుతుందని నేననుకోను. అవి లేకపోతే 'హెవెన్'లో మొక్కుకుంటున్నవాడు ఏం చేసి వచ్చి మొక్కుకుంటున్నాడో మనకి తెలియదు. చేసినదాన్ని దాచేసి పుణ్యాత్ముడిగా కనపడటం సులువు. మన దగ్గర పెద్దమనుషులు చేసే పని చాలామటుకు అదే. ఇతను మొదటి పాటలో మనిషిని భయపెడతాడు, పదకొండో పాటలో తన భయం చెప్పుకుంటాడు. రెండూ ఒకే నోటితో. అప్పు పుస్తకంలో వచ్చిందీ పోయిందీ ఒకే పేజీలో రాసినట్టు.

పేట గురించి పాడటం వేరు, పేట కోసం నిలబడటం వేరు కదా అని అడగొచ్చు. 2019లో హ్యూస్టన్ నగర కౌన్సిల్‌కి డిస్ట్రిక్ట్ డి నుంచి పోటీ చేశాడు. సౌత్ ఏకర్స్, సన్నీసైడ్, థర్డ్ వార్డ్ అన్నీ అందులోవే. రెండో విడత దాకా వెళ్లి ఓడిపోయాడు. మరుసటి ఏడు కోవిడ్ వచ్చింది. ప్రాణం దక్కింది గానీ కిడ్నీలు పోయాయి. డయాలసిస్ మీద పడ్డాడు. నాకో కిడ్నీ కావాలి, ఎవరైనా ఇస్తారా అని బయటికి అడిగాడు.

ఆ వార్త చదివిన రోజు నేను ఆఫీసు పని ముట్టుకోలేకపోయాను.

మాది కవిటి మండలంలో ఒక పల్లె. ఉద్దానం అంటే చాలామందికి ఇప్పుడు కొబ్బరి తోటలకంటే ముందు కిడ్నీ జబ్బే గుర్తొస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, ఏ మండలం తీసుకున్నా, ఇంటికొకరు కాకపోతే వీధికొకరు. నీళ్లన్నారు, మందులన్నారు, ఎండన్నారు, కారణం ఇదీ అని ఈరోజుకీ తేలలేదు. మా నాన్నకి 2011లో బయటపడింది. అప్పట్లో మా దగ్గర్లో డయాలసిస్ లేక, తెల్లవారుజామున సోంపేటలో రైలెక్కి విశాఖ వెళ్లి, రాత్రికి తిరిగొచ్చేవాడు. అమ్మ స్టీలు క్యారియర్‌లో ఉప్పు లేని అన్నం, కూర పెట్టుకుని వెంట వెళ్లేది. రోజుకిన్ని నీళ్లే తాగాలి కాబట్టి నాన్న ఒక గాజు గ్లాసుకి ఎర్ర దారం కట్టుకున్నాడు, ఆ గీత దాటకూడదని. దాహమేస్తే నీళ్లు తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చునేవాడు.

నేను ఇస్తానన్నాను. ఫోన్లో చెప్పాను, సెలవు పెట్టి వచ్చి ఎదురుగా కూర్చుని చెప్పాను. నాన్న ఒకటే మాట. "నీకు పిల్లలున్నారు. నా కొడుకుది కోయించుకుని బతకనా నాను?" ఊళ్లో చాలామంది తండ్రులు అన్న మాటే. కిడ్నీ అడగడం అక్కడ అప్పు అడగడంకంటే సిగ్గు. జబ్బుందని చెప్పుకోవడమే సిగ్గు, ఇంట్లో ఆడపిల్ల పెళ్లికుంటే మరీను. 2013 వైశాఖంలో పోయాడు. ఎర్ర దారం గ్లాసు ఇప్పటికీ గూట్లోనే ఉంది.

అందుకే ఆ మనిషి నలుగురి ముందూ నాకు కిడ్నీ కావాలి అని అడిగినప్పుడు నాకు గొంతు పట్టేసింది. ఎవరినీ లెక్కచేయనని పేరు పెట్టుకున్నవాడు, ముప్పై ఏళ్లు ఆ పేరుతో బతికినవాడు అడిగాడు. ఇది ఆల్బమ్‌కి సంబంధం లేని విషయమని నేననుకోను. 1991లో నాకు భయమేస్తోంది అని చెప్పగలిగిన నోరే ఇది. మగవాడు అలా అడగకూడదని మా నాన్నకి నేర్పిన లోకమే అతనికీ నేర్పింది. అతను ఆ నేర్పినదాన్ని పాట పాటకీ కొంచెం కొంచెం వదిలించుకుంటూ వచ్చాడు. 2021లో అతని కొడుకే కిడ్నీ ఇచ్చాడు. తండ్రి పుచ్చుకున్నాడు.

2023 డిసెంబర్‌లో అమెరికా రేడియో సంస్థ ఎన్‌పీఆర్ వాళ్ల టైనీ డెస్క్ కచేరీలో పాడాడు. పుస్తకాల అరల మధ్య, ఒక ఆఫీసు బల్ల వెనక, చుట్టూ వాద్యబృందం. అప్పటికి 53 ఏళ్లు. గడ్డం నెరిసింది. పాత పాటలే, కానీ ఈసారి రికార్డులోంచి కోసిన ముక్కలు కావు, మనుషులు పక్కన నిలబడి వాయిస్తున్నారు. 'ఆన్ మై బ్లాక్' పాట మొదలైనప్పుడు నాకు తెలిసింది, 31 ఏళ్లప్పుడు ఆ గొంతు తన వయసుకంటే ముందు నడుస్తోంది, ఇప్పుడు వయసు వచ్చి దాన్ని కలుసుకుంది. నలభై దాటినవాడు ర్యాప్ చేస్తే బాగోదన్న స్నేహితుడికి ఆ వీడియో పంపాను. రెండు రోజుల తర్వాత "మళ్లీ విన్నాను" అని మాత్రం జవాబిచ్చాడు.

ఆ ఆదివారం కారులో ఇదంతా అమ్మకి చెప్పలేదు. పాట అయిపోయాక ఒక్కటే చెప్పాను, ఈయనకి కూడా కిడ్నీలు పోయాయమ్మా, కొడుకు ఇచ్చాడు అని. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

"ఆ కొడుక్కెలాగుంది?" అంది చివరికి.

"బాగున్నట్టే ఉందమ్మా. తండ్రి మళ్లీ పాడుతున్నాడు."

"ఈ పాటలో సెప్పిన ఊరు ఎక్కడరా? దూరమా?"

దూరం కాదన్నాను. ఓరెమ్ దగ్గర హైవే దిగి తూర్పుకి తిరిగాం. కల్లెన్ దాకా వెళ్లి లోపలి వీధుల్లోకి మళ్లాను. పక్కన కాలువలు, రోడ్డుకి దగ్గరగా ఒంటి అంతస్తు ఇళ్లు, ఒక ఇంటి ముందు గడ్డిలో గుర్రం. అమ్మ గుర్రాన్ని చూసి ఆశ్చర్యపోయింది. చర్చి విడిచినట్టున్నారు, తెల్ల టోపీలు పెట్టుకున్న ఆడవాళ్లు నలుగురు ఎండకి చెయ్యి అడ్డంపెట్టుకుని మాట్లాడుకుంటున్నారు. మూల ఇంటి అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. కారు నెమ్మదిగా పోతుంటే మావైపు చూసి చెయ్యెత్తాడు.

అమ్మ అద్దం దించమంది. దించాను. ఆవిడ కూడా చెయ్యెత్తింది.